నిమ్మ అల్లం టీ చేదుగా ఎందుకు వస్తుంది?

ఇంట్లో చేసుకున్న నిమ్మ అల్లం టీ చేదుగా వస్తోంది, బండి దగ్గర తాగినట్టు ఉండటం లేదని అడిగారు. నాకూ చాలా రోజులు ఇదే బాధ.

మాది శ్రీకాకుళం. నాన్నకి పాల టీ పడక మానెయ్యాల్సి వచ్చింది. రోజుకి నాలుగైదుసార్లు తాగే మనిషి. నీళ్లు, అల్లం, టీ పొడి, నిమ్మరసం అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి మరిగించి ఇచ్చేదాన్ని. సగం తాగి, ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టేసేవారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

ఒకసారి విజయనగరం నుంచి మా అప్ప వచ్చింది. నేను చేసేది చూసి, "అల్లం ఒక్కదాన్నే మరగనియ్యి. మిగతావి పొయ్యి కట్టేశాకే వెయ్యాలే" అంది. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను.

రెండు గ్లాసుల టీకి రెండున్నర గ్లాసుల నీళ్లు. బొటనవేలి కణుపంత అల్లం కడిగి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేసి, సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు మరిగించండి. మాకు సీతంపేట వైపు కొండల నుంచి అల్లం వస్తుంది. పీచు ఎక్కువ, ఘాటూ ఎక్కువ, అందుకే కొంచెం చాలు. లేత అల్లమైతే ఇంకాస్త వేసుకోవాలి. తర్వాత పొయ్యి కట్టేసి, చిన్న చెంచాడు టీ పొడి వేసి మూత పెట్టండి. రెండు నిమిషాలకి వడకట్టెయ్యాలి. టీ పొడి ఎక్కువసేపు మరిగితే వగరూ చేదూ దిగిపోతాయి.

నిమ్మకాయ సంగతి మాత్రం జాగ్రత్త. గ్లాసుల్లో పోశాక, కాస్త వేడి తగ్గనిచ్చి, గ్లాసుకి పావు చెక్క పిండితే సరిపోతుంది. విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది కాబట్టి రసం మరిగించకూడదు. గింజలు పడనివ్వకండి, తొక్క నలిగేలా పిండకండి. ఆ రెండింటిలోనూ చేదు ఉంటుంది. రసం పడగానే టీ రంగు తేలిపోయి తేనెలా అవుతుంది. పులుపు తగిలితే టీ రంగు అలా మారడం మామూలే. పలచబడిందనుకుని నేను ఇంకో చెంచా పొడి వేసేదాన్ని, సగం చేదు అక్కడే వచ్చేది!

తీపికి మేము బెల్లమే వేస్తాం. పాలు మాత్రం కలపకండి, విరిగిపోతాయి.

ఇప్పుడు సాయంత్రం నాగావళి గట్టు వైపు నడిచొచ్చి, నాన్న అరుగు మీద కూర్చుని గ్లాసు పూర్తిగా తాగుతారు. పక్కన వేయించిన అటుకులుంటే రెండో గ్లాసు కూడా అడుగుతారు. వానాకాలంలో అయితే మేమందరం ఆయనతోపాటే.

గ్యాస్, కడుపులో మంట ఉన్నవాళ్లు పరగడుపున తాగొద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే రోజూ అల్లం తాగే ముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి.

ఇలా చేసినా చేదు వస్తుంటే, ఎంత పొడి వేస్తున్నారో, ఎంతసేపు ఉంచుతున్నారో రాయండి, చూద్దాం.