ప్రొజెక్టర్‌కి వీజీఏ: మసక, నీడ, పట్టీలు ఎక్కడివక్కడ సరిచేయడం

హోమ్ థియేటర్ కంప్యూటర్ నుంచి 1024×768 ప్రొజెక్టర్‌కి 15 మీటర్ల వీజీఏ (అనలాగ్ వీడియో) కేబుల్ వేస్తే అక్షరాలు మసక, పక్కన నీడ, తెరంతా పాకే పట్టీలు వస్తున్నాయా? మూడింటికీ కారణాలు వేరు. కొత్త కేబుల్ కొనేముందు పైసా ఖర్చులేని పని చూడండి.

కంప్యూటర్‌లో సరిగ్గా 1024×768, 60 హెర్ట్జ్ పెట్టండి. వేరే రిజల్యూషన్ పెడితే ప్రొజెక్టర్ బొమ్మను సాగదీస్తుంది, ఆ మసక ఏ కేబుల్ మార్చినా పోదు. పెయింట్‌లో అదే సైజులో ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు నిలువు గీతలు గీసి, 100 శాతం సైజులో ఫుల్‌స్క్రీన్ చేయండి. ఈ మోడ్‌లో కనిపించని భాగంతో కలిపి ఒక్కో లైనుకు 1344 పిక్సెళ్లు. ప్రొజెక్టర్ 1340 అనుకుంటే సుమారు మూడు నిలువు మసక పట్టీలు వస్తాయి. ప్రొజెక్టర్ మెనూలో ఈ లెక్కను సరిచేసే క్లాక్ (కొన్నిట్లో ట్రాకింగ్ అని ఉంటుంది) అవన్నీ పోయేదాకా మార్చండి. గీతలు పదునెక్కేలా ఫేజ్ (ఒక్కో పిక్సెల్‌ను ఏ క్షణంలో చదవాలో చెప్పే సెట్టింగ్) తిప్పడం ఆ తర్వాతే. ముందు తిప్పితే ఒకచోట బాగై ఇంకోచోట చెడుతుంది. ఇవన్నీ తనే సరిచేసే ఆటో బటన్ చీకటి సీను మీద నొక్కకండి, దానికి బొమ్మ అంచులు దొరకవు.

అంచులకు కుడిపక్క నీడ పడితే తప్పు కేబుల్‌దే. 15 మీటర్లు వెళ్లి వెనక్కొచ్చిన సిగ్నల్ దాదాపు 10 పిక్సెళ్ల దూరంలో నీడగా పడుతుంది. అంతకంటే దగ్గరగా ఉంటే మధ్యలో వేసిన జాయింటర్‌ని అనుమానించండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలానికి విడివిడిగా 75 ఓమ్ కోయాక్సియల్ (మధ్యలో తీగ, చుట్టూ లోహపు తొడుగు ఉండే వైరు) ఉన్న ఒకే ముక్క కేబుల్ తీసుకోండి. మానిటర్ కోసం వై-స్ప్లిటర్ (ఒక సిగ్నల్‌ను రెండుగా చీల్చే వైరు) పెట్టి ఉంటే తీసేయండి: 0.7 వోల్టుల సిగ్నల్ 0.47కి పడిపోయి బొమ్మ డల్ అవుతుంది. రెండూ కావాలంటే అడాప్టర్‌తో నడిచే స్ప్లిటరే వాడాలి.

పాకే పట్టీలు ఎర్తింగ్ గొడవ, అంటే పరికరాల ఎర్త్‌ల మధ్య తేడా వల్ల కేబుల్‌లోకి మెయిన్స్ కరెంటు చొరబడటం. ప్రొజెక్టర్ 50 హెర్ట్జ్ తీసుకుంటే రిఫ్రెష్ రేటు ఒకసారి అంతకు దించి చూడండి. పట్టీ దాదాపు నిలిచిపోతే అది మన మెయిన్స్ కరెంటుదే. కంప్యూటర్, ప్రొజెక్టర్ రెండింటికీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి కరెంటు ఇవ్వండి. తగ్గకపోతే కంప్యూటర్‌కో, దాంతో కలిసిన ఆంప్లిఫయర్, సెట్‌టాప్ బాక్సులకో వచ్చే టీవీ కేబుల్ పీకి చూడండి. పట్టీలు పోతే ఆ లైన్లో గ్రౌండ్ ఐసోలేటర్ (ఎర్త్ దారిని తెంచి సిగ్నల్‌ను మాత్రం పోనిచ్చే పరికరం) పెట్టాలి. ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయకండి, పరికరం బాడీకి కరెంటు వస్తే ప్రాణాలకే ప్రమాదం. డిష్ కనెక్షన్ అయితే మామూలు ఐసోలేటర్ పనికిరాదు, ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండే సిగ్నల్ పట్టే భాగానికి) వెళ్లే వోల్టేజీ ఆగిపోతుంది.