మిద్దె మీది పాటలు ఆల్బమ్ కావాలంటే

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కచేరీలకు ఊర్లు తిరిగేటప్పుడు లాడ్జి మిద్దెల మీద మీరు వాయించుకున్నవి ఆల్బమ్ చేస్తామని రాశావు. ముందు ఫోన్లలో ఉన్నవన్నీ కూర్చుని వినండి. ఎన్నో నిమిషంలో పాట పట్టుకుందో నోటుపుస్తకంలో రాసుకోండి. గంట వాయింపులో 4 నిమిషాలు దొరికితే చాలు. ఎత్తుగడ, ముగింపు ముందే అనుకుని పెట్టుకోండి; నడుమ మీ ఇష్టానికి వదిలేయండి. అదీ బిగిస్తే పాట చస్తుంది.

స్టూడియోకి పోయి ఒక్కొక్కరు విడిగా వాయించొద్దు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పుట్టినవి, ఒకే గదిలో అందరూ కలిసే కూర్చోవాలి.

మన కడపలో గది అంటే కింద బండలే కదా. నడుమ నిలబడి ఒక చప్పట కొట్టు. టింగుమని తిరిగొస్తే నేలకు జంపఖానా, గోడలకు బొంతలు, మూలల్లో పరుపులు. కోడిగుడ్ల అట్టలు అంటించే పిచ్చిపని వద్దు, రోడ్డు మీది హారన్‌ను అవి ఆపవు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయాలి. అందుకే ఎండాకాలంలో రాత్రి 11 దాటినాకే మొదలుపెట్టండి.

శ్రుతి దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. హార్మోనియాన్ని అప్పటికప్పుడు మార్చలేం, కాబట్టి గిటారు, వయొలిన్ దానికే కట్టాలి. యాప్ చూసి కడితే, పాత హార్మోనియం పెట్టె శ్రుతి కాస్త తేడాగా ఉన్నా రెండూ కొట్లాడతాయి. గిటారుకు కొత్త తీగలు ముందురోజే వేయండి, లేకుంటే సాగుతూ శ్రుతి దిగుతూనే ఉంటుంది. కంజీర ఇంకో తంటా: లోపల తడిపితే దిగుతుంది, ఆరేకొద్దీ ఎక్కుతుంది. పలక డప్పు దానికి తలకిందులు, మంట సెగకు కాచినాక చల్లారేకొద్దీ వదులవుతుంది. రికార్డు చేసే ప్రతిసారీ ముందు రెండూ కొట్టి చూడాలి.

సన్నని చప్పుడు కూడా పట్టే కండెన్సర్ మైకులు, ఒకే రకానివి రెండు చాలు. తలలు తాకీతాకనట్టు, 90 డిగ్రీల కోణంలో, కూర్చున్నవాళ్ల గొంతు ఎత్తున పెట్టండి. మైకుల నుంచి గాయకుడు 3 అడుగులు, హార్మోనియం 4, కంజీర 6, పలక గుమ్మం దగ్గర 10. హార్మోనియం తిత్తి చప్పుడు మైకులో పడకుండా పెట్టెను కాస్త పక్కకు తిప్పండి. హెడ్‌ఫోన్లో వింటూ ఏది ఎక్కువైతే ఆ మనిషిని వెనక్కి జరపండి. శబ్దాల పాళ్లు కుదర్చడం, అదే మీ మిక్సింగ్. తర్వాత శుభ్రంగా విడదీయడం కుదరదు.

రికార్డింగు నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది. పలక గట్టిగా పడినా శబ్దం మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకూడదు. పగిలిన శబ్దాన్ని ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. ఇంటికి పోకముందే రెండో కాపీ తీయండి.

ఏ పాటలో ఎవరి వాటా ఎంతో మైకు పెట్టకముందే కాగితం మీద రాసి సంతకాలు చేయండి. రికార్డయ్యాక ప్రతివాడూ పల్లవి నాదే అంటాడు.

బొంతలు చాలకుంటే మీ అత్త దగ్గర నాలుగున్నాయి, వచ్చి తీసుకుపో.

మీ మామ