బట్టీ పట్టే ముందు టాస్క్ మేనేజర్ తెరువు

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరంటే నీకు టెన్షన్‌గా ఉందని, 'ప్రాసెస్ మేనేజ్‌మెంట్, మెమరీ మేనేజ్‌మెంట్, ఫైల్ మేనేజ్‌మెంట్' అంటూ ఎక్కాల్లా వల్లె వేస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ నోట్సు కాసేపు పక్కన పెట్టు. నీ సిలబస్ అంతా నీ లాప్‌టాప్‌లోనే నడుస్తోంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర ప్రాసెస్‌ల, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ల, లెక్క చూడు. నువ్వు తెరిచింది బ్రౌజర్, వర్డ్ రెండే అయినా అక్కడ వంద దాటి ఉంటాయి. వాటిని నడిపే సీపీయూ కోర్లేమో నాలుగో, ఎనిమిదో. మరి ఎలా సరిపోతున్నాయి? చాలావాటికి ఆ క్షణాన పనే ఉండదు. నువ్వు కీ నొక్కేదాకా, నెట్ నుంచి డేటా వచ్చేదాకా నిద్రపోతుంటాయి. మేలుకుని ఉన్నవాటికి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) కొన్ని మిల్లీసెకన్ల చొప్పున వంతులు వేస్తుంది. వంతు అయిపోతే, పని ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకుని, బలవంతంగానైనా లేపి ఇంకోదాన్ని కూర్చోబెడుతుంది. మీ సార్ కాంటెక్స్ట్ స్విచ్ అనేది దీన్నే.

ఆ 'బలవంతంగానైనా' అన్నమాట చిన్నది కాదు. విండోస్ 3.1 కాలంలో ప్రోగ్రామ్ తనంతట తాను వదిలితేనే పక్కదానికి వంతు వచ్చేది. ఒక్కటి మొండికేస్తే అన్నీ ఆగిపోయేవి.

ఇప్పుడు మెమరీ మీద నొక్కి, బ్రౌజర్‌లో ఓ ఇరవై ట్యాబ్‌లు తెరువు. గీత పైకి పాకుతుంది. ర్యామ్ నిండే వేళకి, ఈమధ్య ఎవరూ ముట్టని పేజీలను (వెబ్ పేజీలు కావు, మెమరీ ముక్కలు) ఓఎస్ డిస్క్ మీదికి నెడుతుంది. పాత ట్యాబ్‌కి తిరిగి వెళ్లినప్పుడు అది కాసేపు తెల్లమొహం వేయడానికి ఒక్కోసారి కారణం ఇదే. వర్చువల్ మెమరీ బొమ్మ పరీక్షలో గీసేటప్పుడు ఆ ట్యాబ్‌ను తలుచుకో.

ఫైళ్ల సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మన షాపులో లైనక్స్ (విండోస్ లాంటి ఇంకో ఓఎస్) మెషీన్ మీద ఒకాయనకు పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. పచ్చ గీత చివరిదాకా వచ్చింది. ఆయన హడావిడి చూసి ఎజెక్ట్ కొట్టకుండానే పీకి చేతిలో పెట్టాను. సాయంత్రానికి మళ్లీ వచ్చాడు: బంధువులంతా టీవీ ముందు కూర్చున్నారట, వీడియో తాళి కట్టే ముందే ఆగిపోయిందట! తప్పు నాదే. పెన్‌డ్రైవ్ నెమ్మది కాబట్టి ఓఎస్ ఆ డేటాను ముందు ర్యామ్‌లో పెట్టుకుని 'అయింది' అనేస్తుంది, తీరిగ్గా రాసుకుంటుంది. ఎజెక్ట్ అంటే ఆ బాకీ తీర్చమని అడగడం. లైనక్స్‌లో సింక్ అనే కమాండ్ చేసేదీ అదే. విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఈ అరువు పద్ధతి మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. అయినా ఎజెక్ట్ అలవాటు మానకు.

డెడ్‌లాక్ (ప్రోగ్రామ్‌లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడం) చాప్టర్‌లో, అది రాకుండా చూసే బ్యాంకర్స్ అల్గారిదమ్ మాత్రం మార్కుల కోసం నేర్చుకో. ప్రతి ప్రోగ్రామూ తనకు ఎంత కావాలో ముందే చెప్పాలంటుంది అది. అలా ఎవరు చెబుతారు? విండోస్, లైనక్స్ దాని జోలికి పోవు.

ఆదివారం ఖాళీ చేసుకో. అసలు లాప్‌టాప్‌ను కదపకుండా వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) ఉబుంటు అనే లైనక్స్ వేసుకో. దానికి 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ ఇవ్వు. టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి స్ట్రేస్ (strace) అని, ఒక ఖాళీ వదిలి, ఎల్ఎస్ (ls) అని కొట్టు. ఎల్ఎస్ ఓఎస్‌ను ఏమేం అడుగుతోందో స్ట్రేస్ చూపిస్తుంది. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించే ఆ చిన్న కమాండ్ కూడా డిస్క్‌ను సొంతంగా తాకలేదు. 'ఇది తెరువు, ఇది చదువు, తెర మీద ఇది రాయి' అని కెర్నల్‌ను (ఓఎస్ లోపలి అసలు భాగాన్ని) ఒక్కో లైనుగా అడుగుతూ పోతుంది. సిస్టమ్ కాల్స్ అంటే అవే. గీతకు ఇవతల ప్రోగ్రామ్‌లుండే యూజర్ మోడ్, అవతల కెర్నల్ మోడ్ అని పుస్తకంలో ఉన్న బొమ్మ అప్పుడు కళ్ల ముందు కదులుతుంది.

వాటిలో అర్థం కాని లైన్లు ఓ కాగితం మీద రాసిపెట్టు. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుందాం. అక్కను అడిగానని చెప్పు.

మీ మామయ్య