క్యాథలిక్ బొమ్మల్లో శిలువ కింద పుర్రె ఎందుకు?

అది బైబిల్ చెప్పే మొదటి మనిషి ఆదాము పుర్రె. క్రీస్తు చావుతో చావే ఓడిపోయిందని చెప్పడానికి వేస్తారు. యేసుని శిలువ వేసిన గొల్గొతా అంటేనే కపాల స్థలం. ఆదామును అక్కడే పాతిపెట్టారని పాత క్రైస్తవుల నమ్మకం (బైబిల్లో మాత్రం ఈ మాట లేదు). అందుకే కొన్ని బొమ్మల్లో క్రీస్తు రక్తం కారి సరిగ్గా ఆ పుర్రె మీదే పడుతుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో సాన్ మార్కో మఠం గోడ మీద 15వ శతాబ్దంలో ఫ్రా ఆంజెలికో వేసిన పెద్ద శిలువ చిత్రంలోనూ కింద పుర్రె ఉంది.

మన వైపు పుర్రె కనబడితే చాలు, చేతబడి అనుకుంటారు. దానికీ దీనికీ సంబంధమే లేదు. అదే పుర్రె పునీతుల (సెయింట్ల) చేతిలో ఉంటే అర్థం కాస్త వేరు: ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్ నుదుట బూడిద పెడుతూ గుర్తుచేసే మాటే, మట్టివి, మట్టిలో కలుస్తావని.