చంద్రమతి మాట కూడా వినిపించాలి

ప్రశ్న: మా ఊరి తిరుణాళ్ళలో ఏటా 'సత్య హరిశ్చంద్ర' వేయిస్తారు. ఈసారి హరిశ్చంద్రుడు భార్య చంద్రమతిని అమ్మే వారణాసి ఘట్టంలో, డిగ్రీ చదువుతున్న మా మనవరాలు "ఆమెను అమ్మే హక్కు ఆయనకెక్కడిది?" అంటూ లేచి వచ్చేసింది. పెద్దలు ఆక్షేపించారు. పిల్ల మాటలో నాకు తప్పు కనిపించలేదు. అలాగని చిన్నప్పటినుంచీ చూస్తున్న నాటకాన్ని వదులుకోలేను. ఇలాంటివి మానేయాలా, మార్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ మనవరాలు అడిగింది అపచారమేమీ కాదు. జూదంలో ముందు తనను తాను ఓడిపోయిన ధర్మరాజుకు ఆ తరువాత తనను ఒడ్డే అధికారం ఎక్కడిదని ద్రౌపది నిండుసభలో అడిగితే, భీష్ముడంతటివాడే ధర్మం సూక్ష్మమైనదంటూ తేల్చలేకపోయాడు. భారతం వింటూ పెరిగిన మనం ఆ ప్రశ్నే ఒక ఆడపిల్ల అడిగితే నొచ్చుకోవడం న్యాయం కాదు.

అయితే ఒక సంగతి ఆమెకు చెప్పండి. మార్కండేయ పురాణంలో అమ్మకం మాట మొదట ఎత్తేది హరిశ్చంద్రుడు కాదు. విశ్వామిత్రుడికి ఇవ్వవలసిన సొమ్ముకు దారి తోచక కుంగిపోతున్న ఆయనతో, నన్ను అమ్మి మాట నిలుపుకొమ్మని భార్యే అంటుంది. అది విని రాజు మూర్ఛపోతాడు. ఆ నిర్ణయం మీ మనవరాలికి సమ్మతం కాకపోవచ్చు, నాకూ కాదు. అయినా అది చంద్రమతి తీసుకున్న నిర్ణయం. రాత్రంతా సాగవలసిన నాటకాన్ని రెండు మూడు సీన్లకు కుదించినప్పుడు ముందుగా కత్తెర పడేది ఆమె మాటలకే. హరిశ్చంద్రుడు పద్యం అందుకుని రాగం తీస్తాడు, హార్మోనియం ఆయన వెంటే నడుస్తుంది, జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటినుంచి పాడతాడు. అంతసేపూ చంద్రమతి లోహితాస్యుడి చెయ్యి పట్టుకుని, తల వంచుకుని, మైకుకు దూరంగా నిలబడే ఉంటుంది. మీ మనవరాలు చూసింది బహుశా ఈ చంద్రమతినే.

కనుక నాటకాన్ని మానవద్దు, కవి రాయని మాటలు అందులో చేర్చనూ వద్దు. స్త్రీ కష్టాలను చూపే కథ స్త్రీకి లొంగుబాటే నేర్పుతుందని నేను అనుకోను. మీ జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో, తాగుబోతు భర్త వల్ల అవస్థ పడిన సీతమ్మ కథను అక్షరాస్యత తరగతిలో చదువుకున్న ఆడవాళ్ళు ఓర్పు నేర్చుకుని ఊరుకోలేదు. ఆ కథ తమ ఇళ్ళలోదేనని కూడి మాట్లాడుకున్నారు, సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి దారితీసింది. నాటకం అయ్యాక అలా మాట్లాడుకునే అలవాటు మన తిరుణాళ్ళ పందిళ్ళలో లేదు, అందుకే పిల్లలు లేచిపోతున్నారు.

ఏటా ఒకే నాటకం కూడా అక్కరలేదు. కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో కట్నం కోసం తల్లిదండ్రులు పడే అగచాట్లు చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటే, చెల్లెలు కమల అదే కట్నం పోయించి పెళ్ళాడి, కొనుక్కున్న మొగుడు తన ఇంట్లోనే పడి ఉండాలని వియ్యంకుల ముందు పట్టుబడుతుంది. కట్నం లేని పెళ్ళి అరుదైన మన ఊళ్ళలో ఆమె గొంతు ఒక రాత్రి వినిపించడం ఎంతో అవసరం.

వచ్చే ఏడు కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, చంద్రమతి పద్యాలు తగ్గించకూడదని కమిటీ చేత చెప్పించండి. ఆ మాట చెప్పడానికి మీ మనవరాలిని కూడా వెంట పంపండి.