సంఘాలకు అండగా ఉండే సంస్థను నడపబోతున్న అమ్మాయికి

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వచ్చే నెల నుంచి డైరెక్టరు బాధ్యత నీదేనని తెలిసి చాలా సంతోషమైంది. కొర్రలు ఆడించే ఆడవాళ్ళ సంఘం, బుడ్డల (వేరుశనగ) నూనె తీసే రైతుల కంపెనీ, ధర్మవరం నేతగాళ్ళ గుంపు, అన్నీ ఇక నీ వైపే చూస్తాయి. ఒక్క మాట గట్టిగా పట్టుకో తల్లీ. వాళ్ళ వ్యాపారం నువ్వు చేయకూడదు. వాళ్ళంతట వాళ్ళు చేసుకునేట్టు చూడటమే నీ పని. కొనేవాడు "సరుకు ఎప్పుడొస్తుంది మేడం" అని నీకే ఫోన్ చేస్తాడు. నువ్వు జవాబు చెప్పడం మొదలుపెడితే సంఘం అధ్యక్షురాలికి బేరమాడటం ఎప్పటికీ రాదు. ఆమె నంబరిచ్చి ఆమెతోనే మాట్లాడమను. మొదటి రెండుసార్లు పక్కన కూర్చో, చాలు.

చేరిన వారంలోనే ఒక్కో సంఘానికీ వెళ్ళి కొన్ని సంగతులు కనుక్కో. చెక్కు మీద సంతకాలు ఎవరివి? బ్యాంకు ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? స్టాకు పుస్తకం ఎవరింట్లో ఉంది? డైరెక్టర్ల డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌లు ఎక్కడున్నాయి? చాలాచోట్ల అవి ఆడిటరు బీరువాలోనో, మన ఆఫీసు డ్రాయర్లోనో ఉంటాయి. ఇది చిన్న విషయం కాదు. కంపెనీ వార్షిక పత్రాలు గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది. వరసగా మూడేళ్ళు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్ళపాటు అనర్హులవుతారు. పొలం పని చేసుకునే మనిషి, తన పేరు మీద ఏం జరిగిందో తెలియకుండానే ఆ జాబితాలోకి ఎక్కుతుంది. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌లు వాళ్ళ ఆఫీసు బీరువాలో ఉండాలి, తాళం ఇద్దరి దగ్గరుండాలి. ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెడుతున్నారో తెలుగులో చదివి వినిపించాకే పెట్టించాలి.

ఇక డబ్బు. సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది నష్టం వల్ల కాదు, చేతిలో రొక్కం లేక. లెక్క చూడు. కిలో 30 రూపాయలనుకుని 20 టన్నుల కొర్రలు కొంటే 6 లక్షలు. మర ఆడించడం, సంచులు, లారీ కలిపి లక్ష అనుకో. నూటికి 60 వంతున 12 టన్నుల బియ్యం వస్తే, కిలో 75 చొప్పున 9 లక్షలు. కాగితం మీద 2 లక్షల లాభం. కానీ కొన్నవాడు రెండు నెలలకు ఇస్తానంటాడు. ఈలోగా రైతులు రెండో విడత కొర్రలు తెస్తారు, సంఘం దగ్గర పైసా ఉండదు. వాళ్ళు దళారికి పోస్తారు. వచ్చే ఏడు సంఘం గడప తొక్కరు. లాభనష్టాల పట్టిక చూసినవాళ్ళకు ఇదేమీ కనిపించదు. అందుకని ప్రతి సంఘానికీ రాబోయే పదమూడు వారాల్లో ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్నది ఒక్క కాగితం మీద రాయించు. సున్నాకు దిగిన వారం దగ్గర ఎర్ర గీత గీయమను. పొట్టు తీసిన కొర్రబియ్యం త్వరగా ముక్కిపోతుంది, పొట్టుతో ఉన్నది చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి ఆర్డరు చేతికొచ్చాకే మర ఆడించుకుంటే రొక్కం కొంతైనా చేతిలో ఆడుతుంది.

బాకీల సంగతి కూడా చెప్పాలి. సరుకు తయారుచేసే చిన్న సంస్థకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాడు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. రిజిస్ట్రేషనుకు రూపాయి ఖర్చు లేదు. ఉద్యమ్ నంబరు బిల్లు మీద ముద్రించమను. దాన్ని చూసి వెంటనే కట్టేవాళ్ళూ ఉంటారు.

దాతలకు మార్చితో ఏడాది ముగుస్తుంది. మన ఏడాది జూన్, జులైలలో బుడ్డల విత్తుతో మొదలై, అక్టోబరు, నవంబరుల్లో కాయ పీకడంతో తేలుతుంది. గ్రాంటు నవంబరు చివర్లో చేతికొస్తే సరుకు అప్పటికే మండీకి పోయుంటుంది. నువ్వు డైరెక్టరుగా చేయాల్సిన అసలు పని ఈ రెండు క్యాలెండర్లను కలపడం. కొనుగోలు డబ్బు సెప్టెంబరు నాటికి ఖాతాలో ఉండాలని దాతకు ముందు ఏడాదే రాయి. రైతు కంపెనీలకు అప్పులిచ్చే నాబ్‌కిసాన్ లాంటి చోట అప్పు అడిగేదుంటే ఏప్రిల్‌లోనే కాగితాలు కదిలించు. విత్తు వేళ శిక్షణ తరగతులు పెట్టొద్దు. వచ్చినవాళ్ళ కడుపులో అదునే తిరుగుతుంటుంది.

బోర్డు విషయంలో మొహమాటపడకు. సెక్షన్ 8 కంపెనీకి, అంటే లాభాపేక్ష లేని కంపెనీకి, ఆరు నెలలకొక మీటింగు చాలని చట్టం అంటుంది, నువ్వు మూడు నెలలకొకటి పెట్టు. ఏడుగురు ఉంటే అందులో ఇద్దరు సంఘాల నుంచే రావాలి. ఒకరు లెక్కలు తెలిసినవాళ్ళు, ఒకరు నిజంగా సరుకు అమ్మి బతికినవాళ్ళు కావాలి. రిటైరైన అధికారులతోనే నింపితే ఉపన్యాసాలు మిగులుతాయి. కాగితాలు వారం ముందే తెలుగులో చేరాలి. ఇంగ్లీషు కాగితాల ముందు సంఘం మహిళ రెండు గంటలు మౌనంగా కూర్చుని సంతకం పెట్టి వెళ్తుంది, ఆమె ఒప్పుకుందని మినిట్స్‌లో రాసుకుంటాం. అది అన్యాయం. బోర్డు సభ్యుడికే దినుసుల వ్యాపారం ఉంటే, ఆ అంశం వచ్చినప్పుడు ఆయన బయటికి వెళ్ళాలి, వెళ్ళినట్టు మినిట్స్‌లో ఎక్కాలి. ఎంత పెద్దమనిషైనా సరే. కంచే చేను మేసిందన్న మాట ఒకసారి పుడితే పదేళ్ళ మంచి పేరు పోతుంది.

ఫీల్డు పనికి మన ఊళ్ళ డిగ్రీ పిల్లల్ని తీసుకో. రిపోర్టు బాగా రాసేవాడికంటే, తేమ మీటరు పెట్టి ఈ బుడ్డలు ఇంకా ఆరలేదు, గోదాములో పోస్తే బూజు పడుతుందని కల్లంలోనే చెప్పేవాడు విలువైనవాడు. ఒక్కరికి ఐదారు సంఘాలకు మించి అప్పగించకు. జీతం పదో తారీఖు దాటనివ్వకు.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి ఫుల్‌టైం సీఈఓ ఉండాలని చట్టమే చెబుతోంది. 2020లో వచ్చిన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం కింద ఏర్పడిన కంపెనీకి నిర్వహణ ఖర్చుకు మూడేళ్ళకు 18 లక్షల దాకా ఇస్తారు. తర్వాత? నెలకు 25 వేల జీతమంటే ఏడాదికి 3 లక్షలు. నూటికి 3 మిగిలే వ్యాపారంలో ఆ ఒక్క జీతానికే కోటి రూపాయల అమ్మకం కావాలి. ఈ లెక్క మొదటి ఏడే సభ్యుల ముందు నల్లబల్ల మీద రాసి చూపించు. నాలుగో ఏడు మన సంస్థ మనిషినే అక్కడ కూర్చోబెట్టి నెట్టుకొస్తే అది వాళ్ళ కంపెనీ కాదు, మన బ్రాంచి ఆఫీసు. వీలైతే చెన్నేకొత్తపల్లి వెళ్ళు. అక్కడ టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ పెంచిన రైతుల సంఘం ధరణి సొంత పేరుతో, సొంత రిజిస్ట్రేషన్‌తో వ్యాపారం చేస్తోంది. పుస్తకాలు ఎవరు రాస్తున్నారో, ధర ఎవరు కడుతున్నారో అడిగి తెలుసుకో.

విదేశీ నిధుల దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకో. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు నూటికి 20 దాటకూడదు. సంఘం ఎంత అవసరంలో ఉన్నా సరే, ఆ ఖాతాలోంచి చేబదులు ఇవ్వొద్దు.

ఏ సంఘాన్ని వదులుకోవాలో కూడా నువ్వే తేల్చాలి, అది చాలా బరువైన పని. నేనైతే చూసేది ఒకటే: సభ్యులు తమ పంటలో ఎన్నో వంతు సొంత సంఘానికి పోస్తున్నారు? వరసగా రెండు పంటలకు అది తగ్గుతూ పోతే, ఎంత గ్రాంటు తెచ్చినా నిలబడదు. అప్పుడు దాచకుండా వాళ్ళతో కూర్చుని, స్టాకు అమ్మించి, బాకీలు తీర్పించి, వాటాల డబ్బు ఎంత మిగిలితే అంత పంచి గౌరవంగా ముగించు. కొత్తగా చేర్చుకోమని వచ్చినవాళ్ళకు కూడా కాదనేదుంటే మూడు వారాల్లో చెప్పెయ్, నెలల తరబడి ఆశ పెట్టొద్దు.

మొదటి బోర్డు మీటింగు కాగితాలు సిద్ధమయ్యాక నాకొక ప్రతి పంపు. పదమూడు వారాల లెక్క మాత్రం అన్ని సంఘాలదీ కావాలి, ఒక్కటీ వదలొద్దు.

ఇట్లు,
నీ పెదనాయన