ఫంగస్ కాదు, అమ్మోనియా: నీలం మందు ఆపండి

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాం. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు వేసి, స్పాంజి ఫిల్టరు పెట్టి పది రోజులైంది. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, నిన్న ఒకటి చచ్చిపోయింది. ఫంగస్ అనుకుంటున్నా. షాపతనూ అదే చెప్పి మిథిలీన్ బ్లూ ఇచ్చాడు, మూడు రోజులుగా వేస్తున్నా. స్పాంజిని రోజు విడిచి రోజు కుళాయి కింద కడుగుతున్నాను. ఫిల్టరు మార్చాలా?

జవాబు: ఫిల్టరు బాగానే ఉంది, కడగడమే తప్పు. ఫంగస్ అయితే చేప ఒంటి మీద, రెక్కల మీద దూదిలాంటి పోగులు కనిపించాలి, అవి ఉన్నాయని మీరు రాయలేదు. ఇది అమ్మోనియా. చేపలు వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరేమో క్లోరిన్ నీళ్లతో కడిగేస్తున్నారు, అరకొరగా మిగిలినవాటి పని నీలం మందు చూస్తోంది.

ఇంతకీ ఆ షాపతను నీళ్లలో అమ్మోనియా ఎంతుందని ఒక్కమాటైనా అడిగాడా? అడగడు. టెస్ట్ కిట్ ఒకసారి కొంటే నెలల తరబడి వస్తుంది, మందు సీసా అయితే మళ్లీ మళ్లీ అమ్ముకోవచ్చు. ముందు కిట్ కొనండి.

మందు ఇవాళే ఆపండి. ట్యాంకులో ఉన్నవి సుమారు 35 లీటర్లు అనుకుంటే, 12 లీటర్లు తీసేసి యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లు పోయండి, మోతాదు సీసా మీద ఉన్నంతే. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.25 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దాటిన ప్రతిరోజూ ఇలాగే మార్చాలి. అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకి 1 గ్రాము చొప్పున 35 గ్రాములు మగ్గులో కరిగించి మూడు విడతలుగా పోయండి, తర్వాత 12 లీటర్లు మార్చినప్పుడల్లా 12 గ్రాములే, అంతకు మించి వద్దు. ఉప్పు నైట్రైట్‌ని చేప ఒంట్లోకి పోకుండా అడ్డుకుంటుంది, అమ్మోనియాకి మాత్రం నీళ్లు మార్చడమే దారి. రెండు రోజులు మేత వేయకండి, ఏమీ కాదు. ఆ తర్వాత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. అపార్టుమెంటులో బోరు నీళ్లు వస్తుంటే పీహెచ్ కూడా చూసుకోండి, 8 దాటితే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

ఇక స్పాంజి. నెల రోజులు దాన్ని ముట్టుకోకండి. తర్వాత బుడగలు తగ్గినప్పుడు మాత్రమే, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండండి, నీళ్లు గోధుమ రంగులో దిగితే చాలు, తెల్లగా మెరవాల్సిన పని లేదు. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే పైన పెట్టండి, లేదా గొట్టంలో చెక్ వాల్వ్ వేయండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంపులోకి వస్తాయి. వాల్వ్ ఏ వైపు బిగించాలో తెలియకపోతే నోటితో ఊదండి, గాలి ట్యాంకు వైపు మాత్రమే వెళ్లాలి. తెలిసినవాళ్ల ఇంట్లో జబ్బుల్లేని పాత ట్యాంకుంటే వాళ్ల స్పాంజి పిండిన మురికి నీళ్లు ఓ గ్లాసుడు తెచ్చి మీ స్పాంజి పక్కన పోయండి, బాక్టీరియా త్వరగా పడతాయి. ఆ పాల రంగు దానంతటదే పోతుంది, దాని కోసం ఏ మందూ కొనకండి.

పోయిన చేప బదులు ఇంకోటి తేవద్దు. గోల్డ్‌ఫిష్ అరచేయంత పెరుగుతుంది, ఉన్న మూడింటికే ఈ ట్యాంకు చాలదు.